టెంకాయకు పెట్టిన పరీక్ష

భూమిలో నీళ్ళు ఎక్కడున్నాయో టెంకాయకు తెలియదు. ఈ మాట ఇప్పుడూ అంటాను, రేపూ అంటాను. దాన్ని నలుగురిలో నిరూపించి, నా దగ్గర చదివిన వాళ్ళందరిలోకీ తెలివైన పిల్లను పోగొట్టుకున్నాను.

కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. దయ్యం పట్టిందని ఆడవాళ్ళను వేపమండలతో కొట్టే భూతవైద్యులను సభల్లో నిలదీస్తూ పెరిగినవాణ్ణి. రెండేళ్ళ కిందట ఒక శనివారం క్లాసులో చర్చ పెట్టాను: సైన్సు ప్రకృతిలో ఉన్న సత్యమా, సమాజం కట్టుకున్నదా? నా పక్షం ఏదో తెలుసు కాబట్టి పిల్లలంతా అటే చేరారు. ఎదురు నిలిచింది ఒక్క అమ్మాయి. బనగానపల్లె దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళ నాయన బోర్లకు నీళ్ళు చూసే మనిషి. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. అది నిలువుగా లేచిన చోట బోరు వేస్తారు.

"జియాలజిస్టు మిషను పెట్టి చెప్తే సైన్సు అంటారు, మా నాయన చెప్తే మూఢనమ్మకం అంటారు. ఇద్దరూ చూపించింది ఒకే జాగా అయినా అంతే. ఏది జ్ఞానమో తేల్చేది మనుషులే గదా సార్?" అంది.

"అయితే టెంకాయకు డిగ్రీ పట్టా ఇద్దామా?" అన్నాను. క్లాసు గొల్లుమంది.

"నేను చెప్తాండేది టెంకాయ సంగతి కాదు సార్..."

"అదే సంగతి. మీ నాయన్ను పిలువు, పరీక్ష పెడదాం."

"టెంకాయ మీ నాయన తెచ్చుకుంటాడా, మేము కొనాల్నా?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అరిచాడు. ఆ నవ్వులో ఆమె మాట మునిగిపోయింది. పూర్తి చెయ్యమని నేనూ అడగలేదు.

ఆమె పిలవలేదు. నేనే ఫోను చేశాను. కూతురి సారు రమ్మన్నాడని పై శనివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో నాలుగు మామిడిపండ్లు పెట్టుకుని వచ్చాడు. గ్రౌండులో ఐదు డ్రమ్ములు పెట్టించాను. రెండింటిలోనే నీళ్ళు. అన్నిటి మీదా అట్టలు.

"నేను నేల చూస్తా సారూ. డ్రమ్ములు యాడ చూస్తా?" అన్నాడు.

"నీళ్ళు యాడున్నా నీళ్ళే గదా పెద్దాయనా!"

కూతురి వైపు చూశాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. సారు మాట తీసెయ్యలేక నడిచాడు. ఖాళీ డ్రమ్ము దగ్గర టెంకాయ లేచింది. అట్ట తీసి, డ్రమ్మును వంచి అందరికీ చూపించింది నేనే. ఈలలు వేశారు. సెల్‌ఫోన్లలో వీడియోలు తీశారు. ఆయన పండ్ల సంచి నా చేతికిచ్చి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రానికే వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. సోమవారం నుంచి అమ్మాయి రాలేదు.

మూడు వారాలు చూసి వాళ్ళ ఊరికి వెళ్ళాను. ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. "నాయన నాపరాళ్ళ గనికి కూలికి పోతాండాడు సార్. నీళ్ళు చూడమని ఇప్పుడెవురూ పిలుస్తాలేరు" అంది. కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది.

"టెంకాయ దానంతట అది లేయదని మాకు తెలుసు సార్. నాయనకూ తెలుసు. ఆయన వేళ్ళతోనే లేస్తాది."

"మరి ఎందుకమ్మా అదంతా?"

"ముందు ఇరవై ఏండ్లు ఆ గనిలోనే పని చేసినాడు. రాయి యాడ పగిలి ఉండాదో, చుట్టుపక్కల ఏ బోరు ఎండిపోయిందో అంతా ఆయన తలకాయలో ఉండాది. ఈడ నీళ్ళు లేవు, బోరు వేయొద్దు అని గని కూలోడు నోటితో చెప్తే ఏ రైతు ఇంటాడు సార్? టెంకాయ లేయలేదంటే ఇంటారు. ఆ పొద్దు క్లాసులో నేను చెప్పబోయింది అదే."

అదీ మోసమే కదా అని నాలోని హేతువాది లేచాడు. కానీ నేను పరీక్షించింది టెంకాయను. నీకేం తెలుసు, ఎట్లా తెలుసు అని ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు.

"మళ్ళీ కాలేజీకి రామ్మా" అన్నాను.

"టీసీ ఇప్పించండి సార్. కడపలో చేరతా. ఆ వీడియో చూడనోళ్ళు ఆడ కొందరన్నా ఉంటారు."

"మీ నాయన ఏమంటాడు?"

"ఆ కాలేజీ మానొద్దంటాడు. సారు తప్పు శానా ఏం లేదు, ఆయన పని ఆయన చేసినాడంటాడు."

వారం తర్వాత ఆఫీసులో గుమాస్తా టీసీ దరఖాస్తు నింపుతున్నాడు. కాలేజీ విడిచే కారణం అన్న చోట, నన్ను అడగకుండానే, అందరికీ రాసేదే రాశాడు: తండ్రి కోరిక మేరకు. క్లాసు ఇన్‌చార్జి సంతకం కోసం కాగితం నా వైపు జరిపాడు. అబద్ధం వినబడితే సభ మధ్యలో లేచి నిలబడే మనిషిని. ఆ మాట చదివి, కింద సంతకం పెట్టి, కాగితం అతని చేతికిచ్చాను.