అశ్వినీ ఓడ, పక్కింటి పులిహోర

మా అమ్మాయిని స్కూల్లో ఆటల పోటీలకు ఎథీనా హౌస్ అనే జట్టులో వేశారు. పసుపు టీషర్టు, దాని మీద గుడ్లగూబ. ఆ ఎథీనా ఎవరా అని ఇస్త్రీ చేస్తూ ఫోన్లో వెతికాను. గ్రీకుల దేవతట, గుడ్లగూబ ఆవిడ పక్షి. విగ్రహాల నీడ కూడా పడకూడదని ప్రార్థన మందిరంలో నేర్చుకున్నదాన్ని, దేశం దాటి వచ్చి ఈ క్వేకర్స్ హిల్‌లో కూర్చుని దేవత చొక్కాకి ముడతలు తీస్తున్నాను. నవ్వొచ్చింది, కాస్త ఒళ్లు మండింది కూడా.

ఇక కుతూహలం ఆగలేదు. ఇలాంటి గుర్తులు ఇంకేమున్నాయా అని అమ్మాయీ నేనూ పోటీపడి వెతికాం. నేను పనిచేసే మందుల షాపు బ్యాడ్జీ మీద కర్రకు చుట్టుకున్న పాము ఆ గ్రీకుల వైద్యదేవుడిదట. రోజూ మెడలో వేసుకుని తిరుగుతున్నాను.

అమ్మాయి కాసేపు ఆలోచించి అడిగింది. "స్నేక్ బ్యాడ్జ్ ఓకే అయితే, ఆంటీ పులిహోర ఎందుకు బిన్‌లో వేస్తావ్ మమ్?"

పక్కింటి ఆంటీది రాజమండ్రి. పండగ వస్తే డబ్బా నిండా పులిహోర ఇస్తారు. ప్రసాదం తినకూడదు కదా, థాంక్స్ చెప్పి తీసుకుని, తలుపేశాక పారేస్తాను. పిల్ల చూస్తోందనుకోలేదు. చాలా సిగ్గేసింది.

ఆ ఆదివారం బైబిల్ వాక్యం చదువుతూ, అపొస్తలుణ్ని ఖైదీగా రోముకు తీసుకెళ్లిన ఓడ దగ్గర ఆగిపోయాను. దాని మీద గ్రీకు కవల దేవుళ్ల గుర్తు. తెలుగులో దాన్ని, హిందువుల కవల దేవతల పేరుతో, అశ్వినీ చిహ్నమని రాశారు. ఇన్నేళ్లూ నా కంట పడనేలేదు. ఆయన దానికి దండం పెట్టలేదు, దిగిపోనూ లేదు. ఖైదీ కదా, దిగడానికి వీలెక్కడిది అని నాతో నేనే వాదించుకున్నాను. ఏదేమైనా ఆయన ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు. నేను దాచాను.

సాయంత్రం ఖాళీ డబ్బా కడిగి, అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను.

"ఆంటీ, మీరిచ్చిన ప్రసాదం ఎప్పుడూ తినలేదండీ. పారేశాను. మా నమ్మకం అది. కానీ మీకు చెప్పకపోవడం నా తప్పు."

ఆంటీ నా చేతిలోంచి డబ్బా అందుకున్నారు.

"నువ్వు ప్రసాదం తినవని నాకు తెలీదా అమ్మా? దేవుడికి పెట్టకముందే మీ డబ్బా తీసి పక్కన పెట్టేదాన్ని. నీకిచ్చింది ఉత్త పులిహోరే."

అమ్మాయి నా చెయ్యి వదిలేసింది. ఆరేళ్లు ఆవిడ చేతి వంట అందుకున్నాను. దాని రుచి ఎలా ఉంటుందో నాకు తెలియదు.