వదిన నేర్పిన దాగుడుమూతల లెక్క

మా వదినకు చిన్నప్పుడు అంకెలంటే చచ్చేంత భయం. ఒకటో తరగతి రెండేళ్లు చదివింది. తోటివాళ్లంతా పై తరగతికి వెళ్లిపోతే, తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చున్న ఆ ఏడాది గురించి ఇప్పటికీ నవ్వుతూ చెప్పలేదు. అలాంటి మనిషి పందొమ్మిదేళ్లుగా చిన్నపిల్లల బడిలో లెక్కలు నేర్పుతోంది. "నీ లెక్కే తప్పిందే" అని మా అన్నయ్య ఏడిపిస్తుంటాడు.

ఆవిడ పలక పట్టించదు. గుండీలు పెడుతూ ఒకటి, రెండు. మెట్లెక్కుతూ మూడు, నాలుగు. చేతులు కడిగేటప్పుడు వేళ్లకు సబ్బు రాస్తూ పదీ పూర్తి. "లెక్కలు చెబుతున్నానని వాళ్లకు తెలిసిందా, నా పని గోవిందా" అంటుంది.

ఈ ఏడాది ఒక పిల్ల వచ్చింది. వదిన బుడంకాయ అని పిలుస్తుంది. గుండీలకూ లొంగలేదు, మెట్లకూ లొంగలేదు. మూడు దాటితే దిక్కులు చూసేది. చివరికి దాగుడుమూతలతో దారికొచ్చింది. గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని, పది దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసి "వచ్చేస్తున్నా!" అని అరిచింది. ఆ రోజు వదిన చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఆ కబురు చెప్పింది.

అంతలోనే బడిలో కొత్త నియమం. ఒక్కో పిల్లనీ పెద్దమేడం విడిగా పరీక్షిస్తుంది. టీచరు వెనక కుర్చీలో కూర్చోవచ్చు గానీ నోరు విప్పకూడదు, సైగ చేయకూడదు. పిల్ల గది దాటేలోగా చేస్తే తరగతి మొత్తం పరీక్షే చెల్లదు. లెక్క రాని పిల్లలు మళ్లీ అదే తరగతి. ఐదేళ్ల పసివాళ్లను పట్టుకుని ఇదేం విచారణ! ఆ నియమం రాసిన మహానుభావుడు ఎప్పుడైనా ఒక పిల్లకు ముక్కు తుడిచాడా అని నా అనుమానం. వదినకు మాత్రం వారం రోజులు ముద్ద దిగలేదు.

పరీక్ష రోజు పెద్దమేడం బల్లమీద తొమ్మిది చెక్కదిమ్మలు పెట్టి, "ఎన్నున్నాయో లెక్కపెట్టమ్మా" అంది. మంచిగానే అడిగింది, కాదనను.

బుడంకాయ గోడవైపు తిరిగింది. రెండు చేతులతో కళ్లు మూసుకుంది. ఒకటి నుంచి పది దాకా ఒక్క తప్పు లేకుండా చెప్పింది. "వచ్చేస్తున్నా!" అని ఇటు తిరిగి, దిమ్మల్ని చూసి బిక్కమొహం వేసింది.

"టీచర్, ఇవి దాక్కోలేదు."

అప్పుడు తెలిసింది వదినకు, తప్పు తనదేనని. ఈ పిల్లకు అంకెలు నోటికి నేర్పింది గానీ, వేలితో ముట్టి లెక్కపెట్టడం నేర్పలేదు. "ఒక్కోదాన్నీ ముట్టుకుంటూ చెప్పు తల్లీ" అంటే చాలు, పిల్ల గట్టెక్కేదేమో. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని మింగేసింది. పెద్దమేడం కాగితంమీద 'లెక్క రాదు, అదే తరగతి' అని రాసింది.

దిమ్మలు దాక్కోలేదు, టీచరూ కదల్లేదు. ఇక దాక్కోవలసింది తనే అనుకుంది కాబోలు, పిల్ల బల్ల కింద దూరింది.

"టీచర్, నువ్వు లెక్కపెట్టు!"

వదిన కుర్చీ అంచు ఇంకా వదల్లేదు.

"లెక్కపెట్టవా టీచర్?" రెండోసారి, మూడోసారి. గొంతు చిన్నదైపోయింది.

"నేనొచ్చి పట్టుకుంటానని ఆ పిల్ల మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుందే అమ్మాయ్" అని ఆ సాయంత్రం నా దగ్గర వదిన వెక్కివెక్కి ఏడ్చింది. "అంత దగ్గర్లో ఉండి కూడా, 'ఒకటి' అనలేకపోయాను."