డ్రైను గట్టు మీద బోర్డు

మా ఫ్యాక్టరీ క్వార్టర్ల మెయింటెనెన్స్ ఆఫీసులో గుమాస్తాని నేను. ‘వెజిటేషన్’ అన్న ఇంగ్లీషు మాట కనబడితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఎండుగడ్డయినా, మునగచెట్టయినా, గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కయినా మా ఫైళ్లలో అన్నీ అదే. ఆ ఒక్క మాట పడేస్తే అక్కడ ఏం పెరుగుతోందో ఎవరూ వెళ్లి చూడక్కర్లేదు.

గడ్డి కోసే పిన్నికి అలా కుదరదు. కాలనీ కట్టకముందు ఆ నేల వాళ్ల పొలం. ఇప్పుడు అక్కడే కాంట్రాక్టు కూలీ. కొడవలి పట్టి కూర్చుంటే పిచ్చిగడ్డంతా తీసేసి పొన్నగంటి, గలిజేరు, చెంచలాకు వదిలేస్తుంది. సాయంత్రం వాటిని కోసి ఒడిలో వేసుకుంటుంది. నాకూ ఓ కట్ట ఇచ్చి, ఏది పప్పులో వెయ్యాలో, ఏది వేపుడుకి బాగుంటుందో చెప్పేది. ఆకుకూరల పేర్లు నాకు ఆవిడ దగ్గరే వచ్చాయి.

మొన్న వానాకాలంలో డ్రైను గట్టు మీద ఇంగ్లీషు బోర్డు పాతారు.

“ఏటి బాబూ రాసేరు?” అనడిగింది పిన్ని.

“వెజిటేషన్ కంట్రోల్ అని.”

“అంటే ఏటి?”

“పిచ్చిమొక్కలు పెరగకుండా చూడ్డం పిన్నీ.”

“ఓస్, నాను రోజూ సేత్తన్నదదే కదా!” అని నవ్వేసి వెళ్లిపోయింది.

నేనూ నవ్వాను. గడ్డిమందు కొట్టమని ఆర్డరు టైపు చేసింది ఈ చేతులే, ఆ ముక్క మాత్రం నోటికి రాలేదు. మర్నాడే గట్టంతా మందు కొట్టేశారు. మందు పడ్డ ఆకు వెంటనే వాడిపోదు, రెండు మూడు రోజులు పచ్చగానే ఉంటుంది. మూడో రోజు నా బల్ల మీద పొన్నగంటి కట్ట కనబడ్డాక గానీ నా బుర్ర వెలగలేదు. పరుగెత్తాను.

“ఇది ఆ గట్టుదేనా పిన్నీ? నిన్న కూడా కోశావా?”

“నిన్నటిది వండేసేను. మనవరాలు మారడిగి మరీ తినేసింది. ఏం?”

సంగతి చెప్పి ఆసుపత్రికి బయల్దేరదీస్తే, మల్కాపురం ట్రాఫిక్‌లో ఆటో కదలదు. ఒళ్లో పిల్లని పెట్టుకుని పిన్ని నా మొహమే చూస్తూ కూర్చుంది. ఆసుపత్రిలో ఒకరోజు ఉంచి, ఫర్వాలేదని పంపించారు.

“ఏం కాలేదుగా!” అన్నాడు మా ఇంజనీరు టీ తాగుతూ. ‘విషం కొట్టాం, ఆకు కొయ్యకండి’ అని తెలుగులో రాయిద్దామంటే, “జనం భయపడతారయ్యా” అన్నాడు. భయపడాలనే కదా బోర్డు! సిగ్గులేని మనుషులు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఎవరినీ అడక్కుండా పెయింటు తెచ్చి నేనే రాశాను.

రాస్తుంటే పిన్ని వచ్చి వెనక నిలబడింది. తిట్టినా బాగుండేది.

“ఇన్ని ఆకుల పేర్లు నీకు నానే సెప్పేను బాబూ. నీకు తెలిసిందొక్కటి, నానడిగినప్పుడు సెప్పలేకపోయేవా?”