సబ్బు చూడని ఫ్లాస్కు

సబ్బు రుద్దుకోకుండా ఈతకొలనులో దిగేవాళ్ళంటే ఓగ్మండుర్‌కు ఒళ్ళు మంట. పరదేశం నుంచి వచ్చిన అమాయకుడెవడైనా తడి గుడ్డతో ఒళ్ళు తుడుచుకుని వేడినీటి తొట్టి వైపు నడిస్తే చాలు, అడ్డంగా నిలబడి "ముందు సబ్బు, తర్వాత నీళ్ళు. ఇది ఐస్‌లాండు" అనేవాడు. అలా దేశసేవ ముగించుకుని తానూ తొట్టిలో మెడదాకా మునిగి, ఎవరైనా "ఏంటి విశేషాలు" అంటారేమోనని కాచుకుని ఉండేవాడు. ఒకసారి అన్నారా, ఇక తొట్టి ఖాళీ అయ్యేదాకా ఆగేవాడు కాదు.

విశేషం ఎప్పుడూ ఒకటే. అతను పనిచేసే పరిశోధనశాలలో ఆర్కియా అనే సూక్ష్మజీవుల్ని పెంచుతారు. చూడ్డానికి బాక్టీరియాలా ఉంటాయి కానీ వాటి జాతే వేరు. చెయ్యి పెడితే తోలు ఊడే వేడిలో, బట్టల్ని తినేసే ఆమ్లంలో హాయిగా బతుకుతాయి. వాటికీ వైరస్‌ల బెడద ఉంది. ఏ వైరస్ దేన్ని ఎలా పట్టుకుంటుందో చూడటమే అక్కడి పని. అందుకోసం ఏళ్ళుగా ఒక పాత రకాన్ని పెంచుతున్నారు. ఏ వైరస్ పోసినా మర్యాదగా చచ్చిపోయే రకం అది.

ఓగ్మండుర్ మాత్రం చావని రకాన్ని తెచ్చాడు. తను పుట్టి పెరిగిన పొలంలో, గొర్రెల దొడ్డి వెనక ఉడుకుతున్న ఊట నుంచి. ఆ పక్కనే వేడి మట్టిలో గుంట తీసి అతని అమ్మమ్మ రై అనే ధాన్యపు పిండితో రొట్టె కాల్చేది. ఇప్పుడు అక్క స్టైనున్ కాలుస్తోంది.

"మా పొలం రక్తం అది. వెయ్యేళ్ళ నాటి కుటుంబం మాది, లొంగుతుందా" అనేవాడు తొట్టిలో.

ఆ ఊటలో సగం హక్కు పొరుగు రైతు హల్వర్దుర్‌ది. దాన్ని గొట్టాల్లోకి మళ్ళించి యాత్రికులకు స్నానాల కొలను కడతానని అతను బయల్దేరాడు. కడితే రొట్టె గుంట మునుగుతుంది, ఊట పోతుంది. దాంతో ఓగ్మండుర్ ఊరి సభలో లేచి, లోకంలో ఎక్కడా లేని జీవి ఆ నీళ్ళలో ఉందని, ఏ వైరస్సూ దాన్ని తాకలేదని, దాన్ని కదిలించకూడదని గంభీరంగా సెలవిచ్చాడు. హల్వర్దుర్ శ్రద్ధగా విన్నాడు. వారం తిరక్కుండా రోడ్డు పక్కన పెద్ద బోర్డు పెట్టించాడు: "వైరస్‌కు లొంగని నీళ్ళు. త్వరలో."

"ఒరేయ్ తమ్ముడూ, ఊటకి కాపలా కుక్కని తెస్తానన్నావు. దొంగకి దారి చూపించే కుక్కని తెచ్చావు కదరా" అంది స్టైనున్.

ఓగ్మండుర్‌కు మిగిలిన ఆశ ఒక్కటే. తన జీవి కొత్త జాతి అని తేలితే ప్రభుత్వమే ఊటకు కంచె వేస్తుంది. పరిశోధనశాలలో జన్యుక్రమాలు పోల్చి చూసేది వేదీస్. అతని జీవిదీ పాత రకానిదీ జన్యుక్రమాల్ని ఆమె పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసింది.

"కూర్చో, ఓగ్మండుర్."

"నిలబడే వింటాను. కొత్త జన్యువులు ఎన్ని?"

"కొత్తవేం లేవు. పాతవి కొన్ని ఊడిపోయాయి. ఇది మీ పొలంది కాదు. మన పాత రకమే."

"అది చస్తుందిగా. నాది చావదు."

"వైరస్ పట్టుకునేది దాని ఒంటిమీది నూగుని. నీదానికి ఆ నూగు కట్టే జన్యువులే లేవు. జుట్టు లేనివాణ్ణి జుట్టు పట్టుకుని ఎవడు లాగుతాడు? అంతే దాని పౌరుషం." ఆమె అతని వైపు తిరిగింది. "ఊట నీళ్ళు దేంట్లో తెచ్చావు?"

"నా ఫ్లాస్కులో. వేడి తగ్గకూడదు కదా."

"ఇక్కడి రకాన్ని కూడా అందులోనే మోశావా?"

"అప్పుడప్పుడు. ప్రతిసారీ కడిగాను. సబ్బు వాసన వాటికి పడదని ఉత్త కుళాయి వేడినీళ్ళతో. చెయ్యి పెట్టలేనంత వేడి."

వేదీస్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "వేడినీళ్ళతో," అంది నెమ్మదిగా. "వేడిలో బతికేవాటిని. నువ్వు కడగలేదయ్యా, స్నానం చేయించావు. మూత రబ్బరులో దాక్కున్న మన రకంలో నూగున్నవి ఊట వైరస్‌లకి చిక్కి చచ్చాయి. నూగు లేనివి మిగిలాయి. వాటికి నువ్వు వంశవృక్షం కట్టావు."

కొండల మీంచి గొర్రెల్ని దింపి ఎవరి మంద వాళ్ళు ఏరుకునే రోజున హల్వర్దుర్ తన పెట్టుబడిదారుణ్ణి తీసుకొచ్చాడు. మెరిసే కొత్త బూట్లు వేసుకున్న పెద్దమనిషి. సంగతి హల్వర్దుర్‌కు అప్పటికే చేరింది.

"నువ్వేం మాట్లాడకు, ఓగ్మండుర్," అన్నాడు చెవిలో. "నీ పరువూ నిలుస్తుంది, నా కొలనూ లేస్తుంది. రొట్టె గుంటకి వేరే చోటు చూద్దాం."

ఓగ్మండుర్‌కు ఆ మాట తియ్యగానే తోచింది. ఇంతలో ఎవరో ఒక గొర్రెను స్టైనున్ దొడ్డిలోకి ఈడ్చుకొచ్చారు. ఆమె ఎవరి మందదో తెలిపే దాని చెవి గాటు తడిమి చూసి, "మాది కాదు. పక్క దొడ్డిలోకి తోలండి" అంది. బలిసిన గొర్రె, మంచి ఉన్ని. అయినా రెండోసారి చూడలేదు.

ఓగ్మండుర్ గొంతు సవరించుకున్నాడు. "నాదీ పక్క దొడ్డిదే," అన్నాడు అందరికీ వినపడేలా. ఫ్లాస్కు సంగతి, నూగు సంగతి మొత్తం చెప్పేశాడు.

కొత్త బూట్ల పెద్దమనిషి బోర్డు వైపు చూశాడు. "మరి ఆ నీళ్ళకి వైరస్ అంటదన్నది?"

"నా మాట నమ్మి అతను రాయించాడు. ఫ్లాస్కుని నమ్మి నేను చెప్పాను."

పెద్దమనిషి మర్యాదగా మాంసం సూపు తాగి, బూట్లు గడ్డికి తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. బోర్డు మాత్రం స్టైనున్‌కు పనికొచ్చింది. అక్షరాలు కిందికి తిప్పి రొట్టె గుంట మీద మూతగా వేసుకుంది.

ఊటలో అసలు ఏం బతుకుతోందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలుసుకుందామని ఓగ్మండుర్ కొత్త ఫ్లాస్కు కొన్నాడు. అది కొన్న సాయంత్రం కొలను దగ్గర ఒక పరదేశీయుడు సబ్బు ముట్టకుండా తొట్టి వైపు వెళ్తుంటే, అలవాటుగా అడ్డం నిలబడి నోరు తెరిచాడు. తొట్టిలోని తలలన్నీ అతని వైపు తిరిగాయి. ఓగ్మండుర్ నోరు మూసుకుని, తనే వెనక్కి వెళ్ళి మరోసారి సబ్బు రుద్దుకొచ్చాడు.