సర్వరు కోసం ఉపవాసం

మనం నిద్రపోతున్నా, ఆయనను మరిచిపోయినా మన ఒంట్లో రక్తాన్ని ఆగకుండా నడిపిస్తున్న దేవునికి స్తోత్రం. ఒక్క రోజు సెలవు లేకుండా ఈ గుండెను ఇన్నేళ్లుగా కొట్టిస్తున్న ఆయనకు స్తోత్రం. అడగాల్సింది అడగడం చేతకాని నా మొరను కూడా విని, నేను అడగనిదాన్ని ఇచ్చిన ఆయనకే మహిమ. ఈ మాట ముందు చెప్పకుండా ఆ సోమవారం గురించి రాయడం నా వల్ల కాదు. రాద్దామని కూర్చున్న ప్రతిసారీ కాళ్లు నిలవక లేచి గదిలో తిరుగుతున్నాను.

నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. రెండో అంతస్తులో, బ్లడ్ బ్యాంకు పక్కన, ఒకప్పుడు దుప్పట్లు పెట్టుకున్న ఇరుకు గదిలో సర్వరు ఉంటుంది. ఆసుపత్రిలోని కంప్యూటర్లన్నీ ఏ వివరం కావాలన్నా దాన్నే అడుగుతాయి. ల్యాబ్ రిపోర్టులు, రోగుల వివరాలు, రక్తదాతల జాబితా, అన్నీ అందులోనే.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చే అప్‌డేట్లను నేను నెలల తరబడి వాయిదా వేస్తూ వచ్చాను. నడుస్తున్నదాన్ని ఎందుకు కదపాలన్న బద్ధకం కొంత, భయం కొంత. చివరికి ఒక శనివారం సాయంత్రం అన్నీ ఒకేసారి ఎక్కించాను. ఆదివారం నేను పని చేయను. అది నా నియమం. ఇక శనివారం సాయంత్రం మా చర్చి సంఘంలో ఉపవాస ప్రార్థన ఉంటుంది. సర్వరు ఒకసారి ఆగి మళ్లీ లేచింది. అంతా పూర్తయిందని తెర మీద కనిపించింది. ఇంకో పావుగంట కూర్చుని చూడాల్సింది. అప్పటికే పాటలు మొదలై ఉంటాయని తాళం వేసి పరుగెత్తాను.

ఆదివారం కౌంటర్లు మూసి ఉంటాయి, అత్యవసర రాతపని కాగితాల మీద సాగిపోతుంది. కాబట్టి సంగతి సోమవారం పొద్దున్నే బయటపడింది. నేను బండి దిగేసరికే మూడు ఫోన్లు. సర్వరు గదిలోకి వెళ్తే తెర నీలంగా ఉంది. దానంతట అదే ఆగి, దానంతట అదే లేచి, కాసేపు బాగా నడిచి, మళ్లీ నీలంగా మారి కూలిపోతోంది.

చివరి అప్‌డేటు తీసేయబోయాను. సగం దాకా వెళ్లి, వీలుకాదని వెనక్కి వచ్చింది. సేఫ్ మోడ్‌లో లేపాను. అందులో కూలిపోలేదు గానీ, అక్కడ మా ప్రోగ్రాములేవీ తెరుచుకోవు. మెమరీ పలకలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టాను. మళ్లీ నీలం. ఆ వివరాలన్నిటి నకలు, అంటే బ్యాకప్, వేరే డిస్కులో భద్రంగా ఉంది. అయితే ఆ నకలు తెరవాలన్నా ఈ సర్వరే కావాలి. ఇది నాకు ముందు నుంచీ తెలుసు. ఎప్పటికప్పుడు తర్వాత చూద్దామనుకున్నాను.

తొమ్మిదిన్నర ప్రాంతంలో బ్లడ్ బ్యాంకు చూసుకునే అక్క తలుపు దగ్గరికి వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్దది. ఆసుపత్రిలో ఎవరికీ భయపడదు.

"తమ్మీ, ఓ నెగటివ్ ఇచ్చేటోళ్ల లిస్టు కావాలె. లేబర్ రూంల కాన్పుకొచ్చిన ఆడపిల్ల ఉన్నది. కడుపుల మాయ కిందికి ఉన్నదట, రక్తం పోతున్నది. రెండు సంచులు చేతుల లేంది కత్తి పెట్టనంటున్నది డాక్టరమ్మ."

"ఫ్రిజ్‌ల లేవా అక్కా?"

"ఉన్న ఒక్కటి రాత్రే ఎక్కిచ్చిండ్రు. సర్కారు దవాఖానల అడిగిన, లేదు. హైదరాబాద్ నుంచి రావాలంటే సాయంత్రమైతది. లిస్టు తియ్యి."

"సర్వర్ లేస్తలేదు. పది నిమిషాలియ్యి."

"నోటుబుక్కు ఉంటే అయిపోవు. కంప్యూటర్ వచ్చినంక గా పాత బుక్కులెందుకని పారేయించింది ఎవరో గుర్తున్నదా?"

నేనే. తెర వైపు తిరిగాను. ఆమె వెళ్లగానే ఫోన్ తీసి మా పాస్టరమ్మకు చేశాను.

ఇక్కడ మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు ప్రార్థన గొలుసు ఉంది. ఎవరికి కష్టం వచ్చినా పాస్టరమ్మకు ఫోన్ చేస్తారు. ఆమె ఇద్దరికి చెబుతుంది. ఆ ఇద్దరూ తలా ఇద్దరికి. అలా గంటలోపు మాట బోధన్ దాకా పోతుంది. కష్టం ఎవరిదో, ఏమిటో మాత్రం విప్పి చెప్పకూడదు. విప్పితే ప్రార్థన పోయి ముచ్చట్లు మిగులుతాయని పెద్దలు పెట్టిన కట్టుబాటు. జవాబు వచ్చిందన్న కబురు అందేదాకా గొలుసులో ఉన్నవారు అన్నం ముట్టరు.

"నా పనిల ఆటంకం వచ్చిందమ్మా. మా సర్వర్ కూలిపోతున్నది. ప్రార్థన చేయించున్రి," అన్నాను.

"సరే నాయనా. సహోదరుని పనిలో ఆటంకం అని చెప్తా," అన్నది ఆమె.

లేబర్ రూంలో ఉన్న ఆమె సంగతి అప్పటికే నా చెవిన పడింది. అయినా నా నోటి నుంచి వచ్చింది సర్వరు మాటే. ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా ఆ ఫోన్‌లో అంతకుమించి ఒక్క మాట లేదు.

పదిన్నర దాటింది. నా గది గడపలో ఒక ముసలామె వచ్చి కూలబడింది. ఒళ్లో మూట కట్టిన టిఫిన్ డబ్బా. నవీపేట్ దగ్గరి ఊరు. లేబర్ రూంలో ఉన్నది ఆమె కూతురే.

"కొడుకా, రక్తం గీ మిషన్లనే ఉన్నదట. ఖరాబైందట. ఎంతసేపైతది?"

"రక్తం కాదవ్వా. రక్తమిచ్చేటోళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్నయ్ గండ్ల."

ఆమె నా ముఖం వైపు, తర్వాత సర్వరు వైపు చూసింది. "పేర్లేనా! మరి పిలువున్రి," అన్నది.

నేను మళ్లీ తెర వైపు తిరిగాను. అక్క వచ్చి నా వెనక నిలబడింది. సర్వరు లేచింది, నడిచింది, నీలమైంది.

"ఎంతసేపు బతుకుతున్నది అది?"

"ఏడు నిమిషాలు. ఇప్పటికి ఎన్నిసార్లు చూసిన, ఏడే."

"ఏడు నిమిషాలల్ల నేను ఇరవై నంబర్లు రాస్తనయ్యా!" ఆమె గొంతు పెరిగింది. "రెండు గంటల సంది దాన్ని బాగుచేస్త బాగుచేస్త అని కూసున్నవ్. బతికినకాడికి వాడుకుందమని తోచలేదా నీకు?"

తోచలేదు. నిజంగానే తోచలేదు. నాకు అది ఓడించాల్సిన జబ్బులా కనిపించింది తప్ప, ఏడేడు నిమిషాలు తెరుచుకుంటున్న తలుపులా కనిపించలేదు.

ఈసారి అక్క పెన్ను పట్టుకుని నా పక్కన కూర్చుంది. సర్వరు లేవగానే గడియారం చూసుకున్నాను. దాతల ప్రోగ్రాం తెరుచుకోవడానికే నాలుగు నిమిషాలు తిన్నది. ఓ నెగటివ్ అని వెతికితే పదకొండు మంది. నేను చదువుతున్నాను, ఆమె రాస్తోంది. అవ్వ గడపలోనే లేచి నిలబడింది. ఐదో పేరు దగ్గర ఆగిపోయాను.

"సదువు, టైం అయిపోతున్నది!"

చదివాను. ఎనిమిదో నంబరు సగంలో తెర నీలమైంది.

ఐదో పేరు మా సంఘపు పెద్దాయనది. ఎడపల్లి దగ్గర కాలువ కింద వరి, చెరకు పండిస్తారు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఏడాది కిందట మా సంఘం పెట్టిన రక్తదాన శిబిరంలో మొదట పడుకున్నది ఆయనే. ప్రార్థన గొలుసులో బోధన్ వైపు మొదటి లంకె కూడా ఆయనే.

ఫోన్ ఒక్క రింగుకే ఎత్తారు.

"వందనాలు బ్రదర్. పొద్దున్నుంచీ ఇంట్లో అందరం మోకాళ్ల మీదే ఉన్నామండీ. ఎవరికో పనిలో ఆటంకమట."

"ఆ సహోదరుణ్ని నేనే అన్నా."

"మీరా! ఏమైందండీ? ఉద్యోగానికేమన్నా..."

"కంప్యూటర్ ఖరాబైంది."

"కంప్యూటరా?"

"అది పోనీయన్నా. ఇక్కడ కాన్పుకు వచ్చిన పిల్లకు ఓ నెగటివ్ రక్తం కావాలె."

"నాది అదే కదండీ!"

"అందుకే చేసిన."

"ఆ మాట పొద్దున్నే అంటే ఈపాటికి అక్కడే ఉండేవాణ్ణి కదండీ," అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మిగతా నంబర్లలో రెండు పనిచేయలేదు. ఒకరు పోయిన నెలే ఇచ్చారు, ఇంకొకరు దుబాయ్‌లో ఉన్నారు. ఏర్గట్ల రైతు ఒకాయన మాత్రం పసుపు తెచ్చి నిజామాబాద్ మార్కెట్ యార్డులోనే ఉన్నాడు. "బస్తాల కాడ మా బామ్మర్దిని నిలవెట్టి వస్త," అని ఆటోలో పావుగంటలో వచ్చి పడుకున్నాడు. ఒక సంచి నిండింది.

రెండోది ఎడపల్లి నుంచి రావాలి. నేను మెట్ల మీదికీ కిందికీ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. లేబర్ రూం నుంచి సిస్టరు వచ్చి, రక్తం పోవడం మళ్లీ మొదలైందని, ఇంకెంతసేపని అడిగింది. మా పెద్దాయన చెమటలు కక్కుతూ వచ్చారు. రైల్వే గేటు దగ్గర ఆగిపోయారట. అంగీ చేయి మడుచుకుంటూనే మంచం ఎక్కబోయారు.

అక్క ఆపింది. "పొద్దుగాల ఏం తిన్నవన్నా?"

"ఏం లేదండీ. ఉపవాసం."

"ఉపాసమా? దేనికి?"

ఆయన నా వైపు చూపించారు. "ఈయన సర్వరు కోసమండీ."

అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. "ఖాళీ కడుపుతోని తీస్తే లోపల ఒకరు, బయట ఒకరు పడిపోతరు. నేను తియ్యను. తిని, నీళ్లు తాగి, కొంచెంసేపు కూసోవాలె."

మా పెద్దాయన ఇబ్బందిగా నా చెవి దగ్గరికి వంగారు. "సర్వరు బాగైందా బ్రదర్?"

"కాలేదు."

"జవాబు రాకుండా ఎలా విడుస్తానండీ? మాట ఇచ్చాను కదా."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "అన్నా, నేను తప్పు అడిగిన. ఈ పిల్ల సంగతి తెలిసి కూడ సర్వర్ గురించే అడిగిన. ఆ ప్రార్థనను వదిలెయ్యి. దాని కోసం ఇంకొక్క నిమిషం కూడ ఉపవాసం ఉండకు."

అవ్వ ఈ మాటలన్నీ విన్నది. ఎంత అర్థమైందో తెలియదు. ఆయన తినాలన్నది మాత్రం అర్థమైంది. ఒళ్లోని మూట విప్పింది. కూతురి కోసం తెచ్చింది, డాక్టరమ్మ పెట్టొద్దన్న జొన్నరొట్టె, పప్పు. "తిను బాపు. జల్ది తిను," అని రొట్టె తుంచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని, పెదవులు కదిపి, తిన్నారు. మా సంఘంలో ఎన్నో ఏళ్లుగా ప్రభువు బల్ల దగ్గర రొట్టె విరిచి పంచుతున్నది ఆ చేతులే. ఆ రోజు అవి అందుకున్నాయి.

ఆ కూర్చోవాల్సిన కొంచెంసేపు నేను భరించలేకపోయాను. నా వల్ల ఆకలితో ఉన్న మనిషి, నా వల్ల ఆగిన రక్తం. గోడ గడియారం కింద నిలబడి, మొదటిసారిగా ఆ రోజు, లోపల ఉన్న ఆమె కోసం ప్రార్థన చేశాను.

మధ్యాహ్నం రెండో సంచి నిండింది. పరీక్షలు తొందరగా ముగించి అక్క తానే చేతుల్లో పట్టుకుని పరుగెత్తింది. అప్పటికే మొదటి సంచి ఎక్కుతోంది. మూడు దాటాక సిస్టరు తలుపు తీసి, "ఆడపిల్ల. తల్లి మంచిగుంది," అన్నది. అవ్వ నేల మీదే కూర్చుని మా పెద్దాయన పాదాలు పట్టుకోబోయింది. ఆయన గబగబా వెనక్కి జరిగి గోడకు తగిలారు.

సర్వరు ఆ సాయంత్రం బాగైంది. కూలిపోయిన ప్రతిసారీ అది రాసిపెట్టుకున్న చిట్టాను నింపాదిగా చదివితే అన్నిచోట్లా ఒకే పేరు. కరెంటు పోతే ఆదుకునే పాత యూపీఎస్‌ను కనిపెట్టుకుని ఉండేందుకు నేనే ఎప్పుడో ఎక్కించిన చిన్న ప్రోగ్రాం. ఆ యూపీఎస్‌ను తీసేసి ఏళ్లయింది, ప్రోగ్రాంను తీయడం మరిచాను. సర్వరు లేచిన ఏడు నిమిషాలకు అది మేల్కొని, లేని యూపీఎస్‌ను పలకరించేది. కొత్త అప్‌డేట్లకు అది పడలేదు. తీసేశాను. ఎనిమిదో నిమిషం దాటింది, పదో నిమిషం దాటింది. చూడడానికి గదిలో ఇంకెవరూ లేరు.

తర్వాతి ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేచి, ఇదంతా ఉన్నదున్నట్టు చెప్పాను. గొలుసులో కష్టాన్ని విప్పి చెప్పుకుందామని అడిగాను. కొందరు ఒప్పుకున్నారు. ఒక పెద్దామె బయట నన్ను పట్టుకుని, "రేపు మా ఇంటి గుట్టు కూడా గిట్లనే విప్పుతవా?" అన్నది. పద్ధతి ఇప్పటికీ పూర్తిగా మారలేదు.

ఇప్పుడు అక్క బల్ల మీద ఒక నోటుబుక్కు ఉంటుంది. నెల నెలా దాతల పేర్లు నేనే అచ్చు తీసి అందులో అతికిస్తాను. అప్‌డేట్లు పెట్టిన రోజు గంటసేపు గదిలోంచి కదలను. పాటలు మొదలైనా సరే.

ఇదంతా ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, నిన్న అవ్వ మళ్లీ వచ్చింది. ఆమె కూతురు మళ్లీ కడుపుతో ఉంది, ఇప్పుడు ఏడో నెల. ఈసారి కూడా మాయ కిందికే ఉందన్నారట. రాత్రంతా నాకు స్థిమితం లేదు. చదువుతున్న మీరు ఎక్కడున్నా సరే, నాతో కలిసి ప్రార్థన చేయండి. ఎవరి కోసమో, ఏమిటో దాచను. నవీపేట్ దగ్గరి పల్లెలో ఒక తల్లి ఉంది. ఆమెది ఓ నెగటివ్ రక్తం. రెండు నెలల్లో కాన్పు. ఆ రోజు రెండు సంచులు ముందే ఫ్రిజ్‌లో ఉండాలని, ఇచ్చేవాళ్లు కడుపు నిండా తిని రావాలని ఆయనను అడుగుదాం. మీదీ అదే రక్తమైతే, ఆమేన్ అన్నాక మోకాళ్ల మీదినుంచి లేవండి.