తాళం వేసిన ఇంటి ముందు సాన్పి

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డి దగ్గరి మా పల్లెలో మనుషుల కన్నా తాళంకప్పలే ఎక్కువ కనిపించేవంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. పోచారం కాలువ నీళ్లు అందిన ఏడాది ఊరు కళకళలాడేది. అందని ఏడు మగవాళ్లు బొంబాయి దారి పట్టేవాళ్లు, కొందరు ఆలుబిడ్డలను కూడా వెంట తీసుకుపోయేవాళ్లు. మిగిలిన ఆడవాళ్లు బీడీలు చుట్టుకుంటూ రోజులు వెళ్లదీసేవాళ్లు.

మా అవ్వకు, అంటే మా బాపును, మా నాన్నను, కన్నతల్లికి, ఆ తాళాలంటే ఒళ్లుమంట. మా వైపు పొద్దున్నే వాకిట్లో పేడనీళ్లు చల్లడాన్ని సాన్పి అంటాం. సాన్పి లేని వాకిలంటే ఆ ఇంట్లో చావు జరిగినట్టు లెక్క. ఆమె పెద్దకొడుకు, బొంబాయి పోయిన మా పెద్దబాపు ఇల్లు మా పక్కనే ఉండేది. దాని ముందు ఒక్క పూట కూడా అవ్వ సాన్పి తప్పనిచ్చేది కాదు. ఆమె చల్లితే నేను ముగ్గు వేయాలి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే నేను సణిగేదాన్ని. "మనిషి లేని ఇంటికి ముగ్గెందుకే అవ్వా?" అంటే, "లేడంటవేందే? పనికి పోయిండు, వస్తడు" అని నెత్తిన ఒక్కటిచ్చేది.

ఒక ఏడాది మా బడికి గండం వచ్చింది. వలసలతో ఊళ్లో పిల్లలు బాగా తగ్గిపోయారు. ఎల్లారెడ్డి నుంచి సైకిలు మీద వచ్చే సారు ఒకరోజు మా ఇంటికొచ్చి, ఇంకొందరు చేరకపోతే బడి ఎత్తేసి వాగు అవతలి ఊళ్లో కలిపేస్తారని చెప్పాడు. వాగు దాటించి ఆడపిల్లను ఎవరు పంపుతారు? మా అమ్మ ఆ సాయంత్రమే బీడీలు చుట్టడానికి నా కోసం ఒక చిన్న చాట తుడిచి పెట్టింది. నేను ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు. చదువులో నేనే ముందు. సారు రావడం ఆలస్యమైతే మిగతా పిల్లలతో ఎక్కాలు చెప్పించేదాన్ని నేనే. గొప్పలు పోతోందనుకుంటారేమో, అనుకోండి.

చలికాలపు యాసంగి నాట్ల రోజులవి; ఆసారి కాలువకు నీళ్లొచ్చినా, పోయినవాళ్లు ఇంకా తిరిగి రాలేదు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పెద్దబాపు ఇంటి అరుగు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. అన్నదమ్ములిద్దరు, వాళ్ల పెండ్లాలు, ఒకామె ఒళ్లో పసిగుడ్డు, చుట్టూ పిల్లలే పిల్లలు. మాట వింటే మరాఠీ. మహారాష్ట్రలోని దెగ్లూరు వైపు కరువు పడి నాట్ల పని వెతుక్కుంటూ వచ్చారట. వాకిట్లో పచ్చటి సాన్పి, దాని మీద కొత్త ముగ్గు చూసి, ఇంటివాళ్లు పొలానికి పోయారు కాబోలు, రాగానే అడిగి అరుగు మీద తలదాచుకుందామని మధ్యాహ్నం నుంచి కాచుకుని ఉన్నారు. ఆ తాళం ఎన్నాళ్లుగా తీయలేదో వాళ్లకేం తెలుసు పాపం!

నాట్లు వేసి వచ్చిన అవ్వకు నేను సంగతి చెప్పాను. ముందు పకపకా నవ్వింది, తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. రొండిలోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచేసింది. కిరాయి ఎంతని వాళ్లు సైగ చేసి అడిగితే, "పిల్లగాండ్లను బడికి తోలుండ్రి, గదే కిరాయి" అంది. తెల్లారి తనే కోడిపిల్లలను తోలినట్టు వాళ్లందరినీ బడికి తోలుకెళ్లింది. సారు ముఖం చూడాలి అప్పుడు!

ఊళ్లో మాత్రం గుసగుసలు లేచాయి. పరాయివాళ్లను నడింట్లో పెట్టింది, ఇక ఆ ఇల్లు చేజారినట్టే అన్నారు. ఎవరు మోశారో, కబురు బొంబాయి చేరింది. కొన్నాళ్లకు పెద్దబాపు సంచి భుజాన వేసుకుని నిప్పులు కక్కుతూ దిగాడు. ఆయన వెళ్లగొడితే ఆ పిల్లలు పోతారు, బడి పోతుంది, నా చదువూ పోతుంది. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఆ పసిబిడ్డ తల్లి ఆయనెవరో తెలియక చెంబుతో నీళ్లు తెచ్చి ఇవ్వబోయింది. ఆయన చేయి చాపలేదు.

"నా ఇల్లెందుకు తీసినవే అవ్వా? నేనేమన్న సచ్చిన్నా?" అని కన్నతల్లి మీద అరిచాడు.

అవ్వ గొంతు పెంచలేదు. "బొంబాయిల దిగిననాడు ఎవలింట్ల పండుకున్నవ్ బిడ్డా? ఎవలిచ్చిండ్రు నీకు జాగ?" అని మాత్రం అడిగింది.

పెద్దబాపు సంచి భుజం మీంచి దించాడు. అప్పటికీ ఆ పసిబిడ్డ తల్లి చెంబు పట్టుకునే నిలబడి ఉంది. ఆయన అందుకుని గటగటా తాగేశాడు. తర్వాత బొంబాయిలో నేర్చిన మరాఠీలో ఏదో అడిగితే ఆమె గలగలా మాట్లాడింది. ఉన్నన్నాళ్లూ ఆయన మా ఇంట్లోనే పడుకున్నాడు. తిరిగి పోయే రోజు తన ఇంటి దూలానికి తాడు కట్టి, ఆ పసిబిడ్డకు ఉయ్యాల వేసి పోయాడు.

బడి నిలిచింది. బీడీల చాట నా ఒళ్లోకి రాలేదు. మా ఊరి ఆడపిల్లల్లో పదో తరగతి గట్టెక్కిన మొదటిదాన్ని నేనే, ఆ తర్వాత పంతులమ్మనూ అయ్యాను. ఆ దెగ్లూరు వాళ్లు మా ఊళ్లోనే ఉండిపోయారు. వాళ్ల మనుమలు ఇప్పుడు నాకన్నా చక్కటి తెలంగాణ యాస మాట్లాడతారు.

ఈ మధ్య నాట్లకు బీహారు వాళ్లు వస్తున్నారు. మొన్న ఒకావిడ నా దగ్గర కూర్చుని, ఎక్కడెక్కడోళ్లో వచ్చి ఊరు నింపుతున్నారని మూతి తిప్పింది. నాకు కోపం ఆగలేదు. "నింపనియ్యమ్మా! ఊరు ఖాళీ అయిననాడు గసొంటోళ్ల పిల్లలే వచ్చి నా పక్కన కూసున్నరు. గందుకే నేను పంతులమ్మనైన" అన్నాను. ఆవిడ చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. పోతే పోనీ. ఆ మాట చెప్పుకోవడానికి నాకు గర్వం, చచ్చేదాకా చెబుతూనే ఉంటాను.