కృత్రిమ వరద వచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో భద్రాచలంలో మైకు అబద్ధం చెప్పేది కాదు. రేడియోలో చెప్పినా జనం కాస్త ఆలోచించేవాళ్లు, పేపర్లో పడినా పక్కింటాయన్ని అడిగేవాళ్లు. కానీ హాల్లో సినిమా మారిందన్నా, తప్పిపోయిన పిల్లాడు దొరికాడన్నా, గోదావరి పెరుగుతోందన్నా రిక్షాకు కట్టిన మైకు చెబితే అదే ఖాయం. నేనప్పుడు ఎర్రుపాలెం వైపు నుంచి టీచరు ఉద్యోగానికి కొత్తగా వచ్చి, లోతట్టు వీధిలో ఒక పెద్దమ్మ ఇంట్లో గది కిరాయికి తీసుకున్నాను. మా వైపు చెరువు నిండితే సంబరం. ఇక్కడ నీళ్లు పెరుగుతున్నాయంటే మూటలు కట్టుకోవడం. కొన్నేళ్ల కిందట వచ్చిన పెద్ద వరద గురించి పెద్దమ్మ చెబుతుంటే కథ విన్నట్టు వినేదాన్ని. (లైటు ఎక్కువసేపు వెలిగించినా, బకెట్ నీళ్లు ఎక్కువ తోడుకున్నా ఆవిడ ఊరుకునేది కాదు. ఆవిడకు నేనంటే గిట్టదని నా గట్టి నమ్మకం.)

ఊళ్లో పుర సంస్కృతీ పరిరక్షణ సంఘం అని ఒకటి ఉండేది. అంత పేరుకు నోరు తిరగక జనం దాన్ని ముచ్చట్ల సంఘం అనేవాళ్లు. అధ్యక్షులు రిటైరైన తెలుగు పండితులు; ఎండకూ వానకూ గొడుగు విడవరు గనక గొడుగు సారు. నన్ను సంఘంలో చేర్చుకున్నది నా చరిత్ర జ్ఞానం చూసి కాదు. చర్చిలో పాటలు పాడే గొంతు కదా, చివరి బెంచీ దాకా వినిపిస్తుందని. ఆ వేసవిలో ఊరి చరిత్ర మీద ఒకటి, గోదావరి వరద మీద ఒకటి కార్యక్రమాలు పెట్టాలనుకున్నాం. మొదటిది పాత వస్తువుల ప్రదర్శన. మీ ఇళ్లలో ఉన్నవి ఇవ్వండని గడపగడపకూ తిరిగితే, "ఉన్నయన్నీ గోదారమ్మ తీస్కపాయె, మల్ల మీరొచ్చిండ్రా?" అని తలుపులు వేసుకున్నారు.

సారు ఆశంతా ఒక చక్రం మీద ఉండేది. గోదావరి మీద లాంచీలు తిరిగిన కాలంలో ఒక పేరున్న సరంగు ఉండేవాడట. ఆయన లాంచీ నడిపిన టేకు చక్రం కొడుకుల ఇంట్లో ఉంది. ఆ అన్నదమ్ములు ఇంటి మధ్యన గోడ పెట్టుకుని, ఏళ్ల తరబడి మాటలు మానేశారు. చక్రమేమో సరిగ్గా ఆ గోడ మీది దూలానికి వేలాడుతోంది. "నాదే, గని దించితే ఆడు లొల్లి చేస్తడు" అన్నాడు పెద్దాయన. గోడ అవతలికి వెళ్లి అడిగితే చిన్నాయనా అదే మాటన్నాడు. చివరికి మా బల్ల మీద ఒక తూకం రాయి, సారు తాతగారి పొడుం డబ్బా, ఏ కాలానిదో తెలియని ఒక ఇటుక మిగిలాయి. చూడ్డానికి వచ్చిన ఒకాయన ఇటుకను తిప్పి తిప్పి చూసి, "ఇది మా గోడది" అని చంకలో పెట్టుకుని పోయాడు.

రెండో కార్యక్రమం వరద అభ్యాసం. వానలు మొదలవకముందే, గోదావరి ఇంకా ఇసుకలో సన్నగా పారుతున్నప్పుడే, సంఘం సభ్యులూ కాలేజీ కుర్రాళ్లూ లోతట్టు వీధుల నుంచి గుట్ట మీది బడికి నడిచి దారి చూపించాలి. మిగతా జనం గడపల్లో నిలబడి చూసి నేర్చుకోవాలి. పైన సారు ఉపన్యాసం, ఆ తర్వాత పులిహోర. మైకులో చదవాల్సిన ప్రకటన సారే స్వయంగా రాశారు: "మహాజనులారా! నేడు మన పురమునందు కృత్రిమ వరద సంభవించును. నిమ్న ప్రాంత వాసులు గమనించగలరు."

"సార్, ఉత్తుత్తి వరద అంటే బాగుంటుందేమో" అన్నాను భయపడుతూనే.

"అమ్మాయ్, ఉత్తుత్తి అన్నది పిల్లల ఆటల్లో మాట. సంఘానికొక మర్యాద ఉంది" అన్నారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, గంజి పెట్టిన చీర కట్టుకుని రిక్షా ఎక్కాను. మైకు మధ్యమధ్యలో గురగురమంటోంది. నాకు మాత్రం ఊరంతా నా గొంతే మోగుతుంటే కాళ్లు నేల మీద ఆనడం లేదు. (రిక్షాలో ఉన్నాను కనుక ఎలాగూ ఆనవనుకోండి.) మొదటి వీధి మలుపులో ఒకావిడ, "ఏం వరదట?" అని పక్కావిడను అడిగింది.

"కృష్ణమ్మ వరదట!"

"అయ్యో, గోదారి సాలదని కృష్ణమ్మ గూడ వస్తుందా!"

"నిమ్మల ప్రాంతం దాక వచ్చిందట. అది యాడుందో ఏమో!"

ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనిపించిందల్లా గబగబా లోపలికి పోతున్న జనం, మూటలతో బయటికి వస్తున్న జనం. ఆహా, ఎంత శ్రద్ధగా పాల్గొంటున్నారు అనుకుని గొంతు ఇంకాస్త పెంచాను. ఎదురుగా గోదావరిలో ఇసుక మెరుస్తూనే ఉంది. దాన్ని చూపించి ఒక కుర్రాడు అనుమానపడితే వాళ్ల నాయన కసిరాడట: "వాన ఈడ్నే పడాల్నా ఏంది? పైన పడ్తది, నీళ్లు మనకొస్తయి. జల్దీ నడువ్!"

మా రిక్షా గుట్ట ఎక్కేసరికి బడి ఆవరణ నిండిపోయింది. కుట్టు మిషను తల ఎత్తుకొచ్చినవాడొకడు, పొదుగుతున్న కోడిని గంపతో సహా తెచ్చినావిడ, పెళ్లి ఫోటోను ఛాతీకి అదుముకున్న ముసలాయన. గొడుగు సారు వరండాలో నిలబడి, "సభ దిగ్విజయం అమ్మాయ్!" అని పొంగిపోయారు. అప్పుడు ముందున్న ఒకాయన అడిగాడు. వీపు మీద నడవలేని తండ్రి ఉన్నాడు.

"సారూ, నీళ్లు యాడిదాక వచ్చినయ్?"

"నీళ్లు రాలేదు నాయనా. ఇది కృత్రిమం."

"అంటే?"

"అంటే కల్పితం. అవాస్తవం."

ఆయన చూపులో మార్పు లేదు. నేనిక ఆగలేక, "ఉత్తుత్తిదండీ!" అన్నాను. ఆ రోజంతా నేను చెప్పిన వాటిలో అందరికీ అర్థమైన మాట అదొక్కటే. ఆవరణంతా ఒక్కసారిగా లేచింది అరుపు. "మా నాయిన్ని ఈపున మోస్కొచ్చిన, ఉత్తుత్తిదా?" "మా పిల్ల గజగజ వణుకుతుంది, జూడుండ్రి!" అని మీదికొచ్చారు. ఆ పిల్ల నిజంగానే వణుకుతోంది. పెద్ద వరద అంటే వీళ్లకు కథ కాదని ఆ చిన్న చేతులు చూశాకే నాకు తెలిసింది.

గొడుగు సారు మెట్లు దిగి జనం మధ్యకు వెళ్లారు. ఉపన్యాసం కాగితాలు జేబులో కుక్కేసి చేతులు జోడించారు. ఆయన నోట ఇంటి భాష వినడం నాకదే మొదలు. "తప్పయింది బిడ్డా. నా రాతే మీకు సమజ్ కాలే. పోయినసారి యాడికి పోవాల్నో తెల్వక మా వీధోళ్లు నడుం లోతు నీళ్లల్ల నిలబడ్డరు. మల్ల గట్ల కావొద్దనే ఇదంత చేసిన."

అప్పుడే గేటు దగ్గర గోల. "జర పైకెత్తురా, నేలకు రాసుకుంటుంది!" "ఎత్తిన్నే, ముంగట నువ్ సక్కగ నడువ్!" సరంగు కొడుకులు! మనిషెత్తు చక్రాన్ని చెరోవైపు పట్టుకుని, చెమటలు కక్కుతూ వస్తున్నారు. నీళ్లొస్తున్నాయనగానే గోడకు ఇటొకరు, అటొకరు ఎక్కి ఒకేసారి దూలం మీద చెయ్యేశారట. జనమంతా తమనే చూస్తుంటే ఇద్దరూ ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొడుకు వీపు మీదున్న ఆ ముసలి తండ్రి బోసినోటితో, "ఆ, మాట్లాడుకుంటుండ్రు రా ఈళ్లు!" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకింది. అన్నదమ్ములు మాత్రం నవ్వలేదు. చక్రాన్ని గోడకు ఆనించి, పక్కపక్కనే కూర్చుని, ఒకే తువ్వాలుతో మొహాలు తుడుచుకున్నారు.

మా పులిహోర ఏ మూలకూ చాలలేదు. ఆ ఏడు కొత్తావకాయ జాడీలు కూడా గుట్టెక్కాయి గనక ఎవరో అన్నం వండారు. తింటూ తింటూ ఎవరికి వారు తెచ్చుకున్న వస్తువు కథ చెప్పడం మొదలుపెట్టారు. సారు ఆ మూట దగ్గరికీ ఈ మూట దగ్గరికీ వెళ్లి, చిన్నపిల్లాడిలా చతికిలబడి వింటున్నారు.

నేను మా పెద్దమ్మను వెతుక్కున్నాను. వేపచెట్టు కింద రొప్పుతూ కూర్చుని ఉంది. పక్కన నా ట్రంకుపెట్టె. తీసి చూస్తే నా బట్టలు, నా బైబిలు, తీగ మీద ఆరీ ఆరని నా జాకెట్టు, దిద్దని పరీక్ష పేపర్లు. ఆవిడదంటూ ఒక్క గిన్నె లేదు.

"పెద్దమ్మా, మరి నీ సామాను?"

"నాదేముంది, పోతే మల్ల కొనుక్కుంట. పరాయి ఊరి పిల్లవు, నీ పెట్టె పోతే మీ అమ్మకు నేనేం జెప్పాలె?" అని, వెంటనే మొహం గంటు పెట్టుకుని, "ఏం బరువే తల్లీ! రాళ్లు దాచినవా అండ్ల?" అంది.

నాకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. సొంత ఊరికి బదిలీ కోసం నేను పెట్టుకున్న అర్జీ ఒకటి అప్పుడు ఆఫీసులో ఉండేది. దాని సంగతి మళ్లీ ఎప్పుడూ అడగలేదు. పెద్దమ్మా లేదిప్పుడు, సారూ లేరు. నా గొంతు కూడా మూడో బెంచీ దాటడం లేదు. అయినా అప్పటి నేను, ఆ గంజి చీర పిల్ల, ఒక్కసారి కనబడితే బాగుండుననిపిస్తుంది. రిక్షాలో నిటారుగా నిలబడి, ఊరంతా తన మాట వింటోందని మురిసిపోతోంది పాపం. ఆపాలనిపించదు. ఒక వీధి దాకా పక్కన నడిచి, ఆ గొంతును ఇంకొక్కసారి వినాలనిపిస్తుంది, అంతే.